గణభంగం లేని తప్పు

వల్పరాయిసోలో కొండెక్కే పెట్టెబండికి
లోపల డ్రైవరు ఉండడు.
పైన ఒకడు, కింద ఒకడు, మధ్య ఇనుపతాడు.
కింద తలుపు పడ్డాక గంట రెండుసార్లు.
పైవాడు విని, తిరిగి రెండుసార్లు.
అప్పుడే లివరు.

ముప్పయ్యొక్కేళ్లు ఆ పై గదిలో కూర్చున్నాడు
రెమీహియో ఓయార్సూన్.
భూమి కదిలి గంట తనంతట తాను మోగిన రాత్రి కూడా
లివరు ముట్టలేదు.
"అది మనిషి మోగించింది కాదు" అన్నాడట,
బల్ల కింద నుంచి.

ఏప్రిల్లో అతని చిగుళ్లు నెత్తురోడాయి.
తొడమీద నీలిమచ్చలు, ఎక్కడా తగిలిన గుర్తు లేదు.
బండి మరమ్మతులో ఉన్న వారం
నూట అరవై రెండు మెట్లు ఎక్కలేక
నలభయ్యో మెట్టు మీద కూలబడితే
చేపలమ్మే కుర్రాడు సంచీ మోశాడు,
తర్వాత మనిషినీ మోశాడు.

రాత్రి పదకొండు. ఆసుపత్రి లాబులో యస్నా
తుంటి ఎముకలోంచి తీసిన మజ్జను చదువుతోంది.
తెర మీద ఒక్క శిఖరం ఉండాల్సిన చోట రెండు.
ఒకటి తన చోటనే.
రెండోది ముప్పయ్యారు అక్షరాల అవతల,
పొట్టిగా, మొండిగా.

యస్నాకి తెలుగు రాదు.
అయినా ఆమె చూసినదానికి మన వ్యాకరణంలో పేరుంది:
ఆమ్రేడితం.
"మెల్లమెల్లగా" అన్నప్పుడు ఆ రెండో మెల్ల.
మన నోట అది బుజ్జగింపు.
మజ్జలో కాదు.

జన్యువు మూడేసి అక్షరాల గణాల్లో రాస్తుంది.
ఒక్కటి ఎక్కువై ఉంటే అక్కడినుంచి పాదమంతా కూలిపోయేది,
కణం ఆ చెత్తని పారేసి ఊరుకునేది.
ముప్పయ్యారు. పన్నెండు గణాలు, లెక్క సరి.
గణభంగం లేదు.
అందుకే చదివింది,
అందుకే నమ్మింది.

కణం గోడకి గంటలుంటాయి.
బయటినుంచి కబురొస్తే రెండు జతగూడి,
ఒకదాన్నొకటి తట్టి, లోపలికి చెబుతాయి: పెరుగు.
కబురు లేని వేళ ఒక చిన్న గడియ
వాటి నోరు మూసి ఉంచుతుంది.
మళ్లీ రాసిన ఆ పన్నెండు గణాలు
పడడం పడడం ఆ గడియలోనే పడ్డాయి.

ఇక కబురు అక్కర్లేదు.
పెరుగు పెరుగు పెరుగు పెరుగు

ఒక్క తప్పుకి ఇంత చేతకాదు, నిజానికి.
అంతకుముందే, వేరే జన్యువు చిట్టచివర
నాలుగక్షరాలు ఎక్కువ పడ్డాయి.
చివర కనుక పాదం నిలిచింది, తోక వంకరపోయింది.
ఆ ప్రొటీను తన గది వదిలేసి వాకిట్లో కూర్చుంది.
మనకి పెరగడం వేరు, ఎదగడం వేరు.
ఒక తప్పు ఎదగనివ్వలేదు.
ఇంకొకటి ఆగనివ్వలేదు.
ఆ పసికణాలు, దేనికీ పనికిరానివి,
ఎముకంతా ఇరుక్కుని నిలబడ్డాయి,
ఎర్రకణానికి చోటులేదు.

డాక్టర్ ఆంతిలెఫ్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది.
అతను చాలాసేపు చూశాడు.
"మరి కింద ఎవరున్నారు?"
"ఎవరూ లేరు, దోన్ రెమీహియో."
"ఎవరూ లేకుండా బండి కదులుతోందా?"
ఆమె పెన్ను మూత పెట్టింది.

చేతిలోకి మందు ఏడు రోజులు.
ఆపైన పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర,
గంట నాలుకకి చుట్టే గుడ్డపీలిక లాంటిది.
కొన్ని గంటలు ఆకారం మార్చుకుని పీలికని జారవిడుస్తాయి.
అది కూడా చెప్పింది. గొంతు తగ్గించి.

తొమ్మిదో రాత్రి పంపు కూసింది. రెండుసార్లు.
అతని చెయ్యి మంచం కడ్డీ మీదికి పోయి
ఆగింది.
పక్కమంచం వైపు తిరిగాడు.
"మీరేనా?"
"కాదయ్యా. సెలైన్ అయిపోయింది."
చెయ్యి దుప్పట్లోకి తీసుకున్నాడు.